జంగయ్యకు పరుపు వెతికిన వేసవి

నర్సింగు ట్రైనింగులో మాకు పక్క వేయడం నేర్పారు. దుప్పటి మూలలు ఎలా మడవాలి, రోగి పడుకొని ఉండగానే కింది దుప్పటి ఎలా మార్చాలి, అన్నీ చేయించి చూపించారు. ఆ దుప్పటి కింద ఉండే పరుపు గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. పరుపు కొనేది నర్సు కాదు కదా అని కాబోలు. కొనేవాళ్లు ఒకరు, దాని మీద పడుకునేవాళ్లు ఒకరు, పడుకున్నవాళ్ల ఒళ్లు కడిగేవాళ్లు ఇంకొకరు. ఈ ముగ్గురూ ఒకే మంచం దగ్గర కలవడం నా ఉద్యోగమంతటిలో ఒక్కసారే చూశాను. అది కూడా నేను పట్టుబట్టితేనే జరిగింది.

ఈ చదువులోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మీ రోజుల్లో ఎట్లా ఉండేదమ్మా అని అడుగుతారు. నేను ఏ ఏడు ఎక్కడ పనిచేశానో, ఎప్పుడు వార్డు సిస్టరునయ్యానో వినడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అందుకే వాళ్లకు ఈ పరుపు సంగతే చెబుతుంటాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను.

మాది పానగల్ దగ్గర ఒక పల్లె. నేతపని ఇల్లు. పడుకోవడానికి మిగిలిన జాగా కన్నా మగ్గాలు ఆక్రమించిన జాగా ఎక్కువ. నేను నర్సింగుకు పోతానన్నప్పుడు, మగవాళ్ల ఒళ్లు తుడిచే పనికి బిడ్డను పంపుతావా అని మా వాళ్లు బాపును నిలదీశారు. బాపు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పంపుతా అన్నాడు, పంపాడు. మొదట కొల్లాపూర్‌లో కొన్నేళ్లు చేశాను. తర్వాత మా నల్లగొండ జిల్లాకే, ఒక ఊరి ఆసుపత్రికి మారాను. ఆ ఊరి పేరు రాయను. కొందరి పనిని తప్పుపట్టబోతున్నాను, వాళ్లలో జవాబు చెప్పుకోవడానికి ఇప్పుడు చాలామంది లేరు.

మల్లేశం

అవి అరవైల మొదటి సంవత్సరాలు. ప్రతి వేసవిలో మా మగవాళ్ల వార్డుకు తాటిచెట్టు మీది నుంచి పడ్డ గౌండ్లవాళ్లు, కల్లు గీసేవాళ్లు, వచ్చేవాళ్లు. చెయ్యో కాలో విరిగినవాళ్లు కట్టు కట్టించుకొని కొన్నాళ్లకు వెళ్లిపోయేవాళ్లు. నడుము విరిగినవాళ్ల సంగతి వేరు. నడుము కింద కాళ్లు కదలవు, గిచ్చినా తెలియదు, పక్క తడిసినా తెలియదు. వాళ్లను వార్డు చివర గోడ పక్కన పడుకోబెట్టేవాళ్లం. ఆ మంచాల దగ్గరికి డాక్టర్ల రాక కూడా తగ్గుతూ పోయేది.

వాళ్లు చెట్టు మీది నుంచి పడినందుకు చనిపోయేవాళ్లు కాదు. పడుకున్నందుకు చనిపోయేవాళ్లు. ఒకే తీరుగా పడుకున్న ఒంటికి వెన్ను కింది ఎముక దగ్గర మొదట ఎరుపు కనబడుతుంది. తర్వాత అది నలుపు తిరుగుతుంది. ఆ నలుపు ఊడి, పుండు లోపలికి పోతుంది. అక్కడి నుంచి జ్వరం మొదలై మనిషిని తీసుకుపోతుంది.

మల్లేశం అలాగే పోయాడు. పెళ్లై ఎక్కువ రోజులు కాని పిల్లవాడు. వచ్చిన కొత్తలో వార్డులో అందరినీ నవ్వించేవాడు. వానలు పట్టేసరికి మాట పలచబడింది, ఆ తర్వాత మాటే లేదు. అతన్ని తీసుకుపోయిన రోజు నేను ఆ పరుపు చూశాను. నడిమధ్య గిన్నెలాగా గుంట పడింది. గుంట చుట్టూ రాళ్లలాంటి ఉండలు. కత్తెర తీసుకొని ఒక పక్క కుట్టు విప్పాను. లోపల మిల్లుల్లో ఊడ్చిన తుక్కు, పత్తిగింజలు, గోనెసంచి పీచులు, రంగురంగుల దారపు చిక్కులు. మా ఇంట్లో మగ్గం కింద ఊడ్చి పారబోసే చెత్త అంతకన్నా మెత్తగా ఉండేది.

ఆ పరుపును ఎత్తుకుపోయి స్టోరు గదిలో గుమాస్తా ముందు పడేశాను. ఆయన దానిని చూసి, కొత్తవి వస్తాయమ్మా అన్నాడు. కొత్తవి వచ్చాయి. పైగుడ్డ మారింది. లోపల అదే తుక్కు.

జంగయ్య, పుల్లమ్మ

మరుసటి వేసవి ఎండలు ముదరకముందే జంగయ్యను తెచ్చారు. బండి మీద, తలుపు చెక్కకు కట్టి. కల్లు గీయడంలో అతనికి ఆ చుట్టుపక్కల మంచి పేరుండేది. చెట్టు దిగుతుంటే కాలు జారింది. వెంట భార్య పుల్లమ్మ, అతని తమ్ముడు వచ్చారు. పుల్లమ్మది ముప్పై దాటిన వయసు. గట్టి మనిషి. ఏడవడం నేను చూడలేదు. వచ్చిన వెంటనే నన్ను అడిగింది, ఈడ వండుకునే జాగా యాడున్నదని. అంటే ఉండటానికే వచ్చిందని నాకు అర్థమైంది.

ఆమెకు నేనేమీ దాచలేదు. కాళ్లు రావడం కష్టమని, పుండు పడకుండా చూసుకుంటే మనిషి దక్కుతాడని చెప్పాను. ఇలాంటి మాట చెప్పడానికి చాలామంది వెనకాడతారు. రోజూ ఒళ్లు కడిగేవాళ్లకు నిజం తెలియకపోతే పని ఎలా చేస్తారు?

మా సూపరింటెండెంటు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన డాక్టరు. చేతిలో మంచి నేర్పు ఉన్న మనిషి. ముక్కు మీద కోపం, కానీ కళ్లముందు కనబడిన దానిని కాదనేవాడు కాదు. ఆ గుణం తక్కువమంది పెద్దవాళ్లలో చూశాను. ఆయన గదికి వెళ్లి, జంగయ్యకు స్టోరు పరుపు వద్దు, వేరేది కావాలని అడిగాను.

"వెన్ను పోయిన మనిషి సిస్టర్. నువ్వు పట్టుపరుపు వేసినా కాళ్లు తిరిగి రావు," అన్నారు.

"కాళ్లు రావని నాకూ తెలుసండీ. పుండు రాకుండా చూద్దామని అడుగుతున్నాను."

 బజారులో ఏం దొరుకుతుందో చూసి రమ్మన్నారు. అది నిజంగా మేలైనదని చూపిస్తే కొనిపిస్తానన్నారు. స్టోరు వాళ్ల గొడవ మాత్రం తన దాకా తేవద్దన్నారు.

అప్పటికే జంగయ్య వెన్ను కింద రూపాయి బిళ్లంత ఎరుపు కనబడుతోంది.

బజారు

డ్యూటీ అయ్యాక మధ్యాహ్నాలు నేనూ పుల్లమ్మా బజారుకు పోయేవాళ్లం. ఆ వేళకు జంగయ్య తమ్ముడు మంచం దగ్గర కూర్చునేవాడు.

మొదటి దుకాణం తయారు పరుపులది. సేటు ఒకదాని మీద అరచేత్తో నొక్కి, ఎంత మెత్తగా ఉందో చూడమన్నాడు. నేనూ నొక్కాను. పుల్లమ్మ నొక్కలేదు. చెప్పులు విడిచి, చీర సర్దుకొని, దాని మీద వెల్లకిలా పడుకుంది. సేటు బిత్తరపోయాడు. కాసేపటికి లేచి, నడిమిట్ల కిందికి దిగుతాందని చెప్పింది. ఆ తర్వాత ప్రతి దుకాణంలో ఇద్దరం పడుకొని చూశాం. బజారులో మాకు ఏదో పేరు పెట్టే ఉంటారు. మేం పట్టించుకోలేదు.

బెజవాడ నుంచి లారీల మీద వచ్చే కొబ్బరి పీచు పరుపులు ఒక దుకాణంలో ఉన్నాయి. గట్టివి, గుంట పడవు, లోపల గాలి ఆడుతుంది. ఇంకో దగ్గర బూరుగు దూది పరుపు. దాని మీద పడుకుంటే లేవబుద్ధి కాలేదు. మూడోది దూదేకుల కాసిం సాబు దగ్గర అప్పటికప్పుడు ఏకి నింపే పత్తి పరుపు. పుల్లమ్మకేమో వీటిలో దేని మీదా నమ్మకం లేదు. బాలింతలకు తమ ఊళ్లో వరిగడ్డి మందంగా పరిచి వేస్తారని, తడిస్తే తీసి పారేసి కొత్తది వేసుకోవచ్చని అంది. అది కూడా ఆలోచించదగ్గ మాటే.

ఇన్ని రకాలు చూసి జంగయ్య దగ్గరికి వచ్చి, ఏది వేయమంటావని అడిగాను. అప్పుడు అతను అన్న మాట నా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద పాఠం.

"మెత్తగున్నదో గట్టిగున్నదో నాకెట్ల తెలుస్తది సిస్టరమ్మ? నడుము కిందికెల్లి నాది నాకు లేనట్టే ఉన్నది."

మేం అన్ని దుకాణాల్లో పడుకొని చూసింది మా ఒంటికి. మాకు నొప్పి తెలుస్తుంది కాబట్టి నిద్రలో కూడా మా అంతట మేమే ఒత్తిగిలతాం. అతనికి ఆ తెలివిడి లేదు. పరుపు బాగుందో లేదో చెప్పవలసినది అతని నోరు కాదు, అతని చర్మం. అది చూడాలంటే పరుపు తెచ్చి అతని కింద వేయాలి.

దుకాణదారులు ఎవరూ ఒప్పుకోలేదు. దవాఖానలో రోగి పడుకున్న పరుపు మళ్లీ ఎవరు కొంటారని వాళ్ల మాట. అందులో తప్పేమీ లేదు. అప్పుడు నాకు మా ఇంటి పద్ధతి గుర్తుకు వచ్చింది. కొత్త రకం చీర నేసేముందు బాపు జానెడు గుడ్డ నేసి షావుకారుకు పంపేవాడు. అలాగే నమూనా కుట్టించాలనుకున్నాను. నడుము కింద పట్టేంత చిన్న మెత్తలు, ఒక్కో రకానిది ఒకటి. కాసిం సాబు పత్తిది, బూరుగు దూదిది కుట్టిచ్చాడు. పీచు దుకాణం ఆయన ఒక ముక్క కోసి ఇచ్చాడు. గడ్డి మెత్త పుల్లమ్మే గోనెసంచిలో కుట్టింది.

చర్మాన్ని అడగటం

ఒక్కో మెత్తను ఒక్కో పూట జంగయ్య నడుము కింద పెట్టి, తీసిన వెంటనే చర్మం చూసేదాన్ని. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కాలి. వేలు తీయగానే తెల్లబడి మళ్లీ ఎరుపు తిరిగితే ఇంకా భయం లేదు. నొక్కినా తెల్లబడకుండా అదే ఎరుపు ఉంటే లోపల చెడుతోందని అర్థం. ఇది పుల్లమ్మకు కూడా నేర్పాను. రెండో రోజుకే ఆమె నాకన్నా ముందు పసిగట్టేది.

గడ్డి చల్లగా, పొడిగా ఉంది. కానీ గడ్డిపోచల అచ్చులు చర్మం మీద పడ్డాయి. పీచు ముక్క ఇంకా పొడిగా ఉంది, కానీ ఎముకకు ఎదురు నొక్కింది. బూరుగు దూది మొదటి పూట అద్భుతంగా అనిపించింది. మర్నాటికి రొట్టెలాగా అణిగిపోయి, కింది గట్టిదనమంతా ఎముకకు తగిలింది. ఏకిన పత్తి వీటన్నిటి కన్నా కొంచెం నయం. కొంచెమే. ఎరుపు ఎక్కడికీ పోలేదు, నడుమ నలుపు తిరగడం మొదలైంది.

రబ్బరు పరుపు

అప్పుడు కల్లు కంట్రాక్టరు వచ్చాడు. జంగయ్య గీసిన కల్లు అతని దుకాణాలకే పోయేది. ఊళ్లో మాట పడుతున్నందుకో, నిజంగా మనసు కరిగో, హైదరాబాదు నుంచి బస్సు మీద ఒక రబ్బరు పరుపు తెప్పించాడు. మా వార్డులో ఎవరూ అలాంటిది చూడలేదు. వేలు పెట్టి నొక్కితే దిగుతుంది, తీస్తే పొంగుతుంది. ఆయాలు, కాంపౌండరు, పక్క వార్డు రోగులు అందరూ వచ్చి నొక్కి చూశారు. సూపరింటెండెంటు కూడా నొక్కారు. ఇక నీ వెతుకులాట అయిపోయినట్టే సిస్టర్ అన్నారు. నాకూ సంతోషంగానే ఉంది. జంగయ్యను దాని మీదికి మార్చాం.

అప్పటికి ఎండలు ముదిరాయి. వార్డు పైకప్పు రేకులది. పరుపు ఆ వేడినంతా పట్టుకొని వదిలేది కాదు. రెండు రోజులకు జంగయ్యను పక్కకు తిప్పి చూస్తే, చాలాసేపు నీళ్లలో నానిన చెయ్యిలా వీపంతా తెల్లగా ముడతలు పడి ఉంది. నడుమ నలుపు అంచులు ఊడుతున్నాయి. తుంటి మీద ఇంకో ఎరుపు వచ్చింది.

ఆ రోజు జంగయ్య మొదటిసారి ఇంటికి తీసుకుపొమ్మని అడిగాడు. ఈడ సచ్చినా ఆడ సచ్చినా ఒకటేనన్నాడు. పుల్లమ్మ తడిగుడ్డతో అతని వీపు తుడుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"సచ్చేటోనివైతే చెట్టు కిందనే సద్దువు. దవాఖానకు వచ్చినంక నా మాట ఇనాలె. ఇంటికి పోయేనాడు నేనే చెప్త," అంది.

నేను సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి ఆ పరుపు తీసేస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది. పెద్దమనిషి అంత ఖర్చుపెట్టి తెచ్చిన దానిని తీసేస్తే ఇక మీదట ఆసుపత్రికి ఎవరు ఏమిస్తారని అడిగారు. ఆ పరుపు వల్లే జరిగిందని నీకెలా తెలుసు, పుండు ముందే ఉంది కదా అన్నారు. అందులో న్యాయం ఉంది. నోటితో వాదిస్తే నేను గెలవను. అందుకే వచ్చి ఒక్కసారి అతని వీపు కింద చెయ్యి పెట్టి చూడమని అడిగాను.

ఆయన వచ్చారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, జంగయ్య వీపుకూ పరుపుకూ మధ్య అరచెయ్యి దూర్చి నిలబడ్డారు. కొంచెంసేపు అలాగే ఉంచారు. బయటికి తీసినప్పుడు చెయ్యి నీళ్లు కారుతోంది. తుడుచుకోవడానికి నేను గుడ్డ అందించాను.

"తీసెయ్యి," అన్నారు.

కంట్రాక్టరు మరునాడే వచ్చాడు. తన పరుపు వరండాలో నిలబెట్టి ఉండటం చూసి మొహం మాడ్చుకున్నాడు. నాతో మాట్లాడకుండా పుల్లమ్మను పిలిచి, నర్సమ్మ మాట విని మంచి వస్తువును పాడుచేసుకుంటున్నారని మందలించాడు. పుల్లమ్మ చేతులు కట్టుకొని విన్నది.

"నువ్వు మంచి మనసుతోనే తెచ్చినవు దొరా. ఆయన ఒంటికి పడలే. నీ ఇంట్ల ఏస్కో, నీకు పడ్తది," అంది.

అతను పరుపు తీసుకుపోయాడు. మళ్లీ మా ఆసుపత్రికి ఏమీ ఇవ్వలేదు. సూపరింటెండెంటు ఆ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. మంచి పెద్దవాళ్లు అంటే తప్పు చేయనివాళ్లని నేననుకోను. ఒకసారి చెయ్యి తడిసాక పొడిగా ఉందని చెప్పనివాళ్లు మంచి పెద్దవాళ్లు.

సందు

రబ్బరు పరుపు పోయాక మంచం మీద వేయడానికి మా దగ్గర నమూనా మెత్తలు తప్ప ఏమీ లేవు. స్టోరు పరుపు వేయనని మొండికేశాను. మంచం మీద పలక వేసి, దాని మీద పీచు పరిచి, చాలని మెత్తలు పుల్లమ్మ చేత కుట్టించి, అన్నిటినీ ఆపైన వరసగా పెట్టాను. భుజాల కింద ఒకటి, నడుము పైభాగాన ఒకటి, తుంటి కింద ఒకటి, తొడల కింద ఒకటి, పిక్కల కింద ఒకటి. తుంటి కింద ఉన్న మధ్యది తడిసిపోతే పుల్లమ్మ ఉతికి ఎండకు వేసింది. అది ఆరేదాకా మధ్యలో ఖాళీగానే వదిలేశాం. వేరే దారి లేదు.

మెత్త ఆరింది. వెనక్కు పెడదామని జంగయ్యను పక్కకు తిప్పాను. పుండు చుట్టూ చర్మం చూసి, పుల్లమ్మను కిటికీ తలుపు పూర్తిగా తెరవమన్నాను. వెలుతురులో మళ్లీ చూశాను. చుట్టూ ఉన్న ఎరుపు దిగింది. వేలితో నొక్కితే తెల్లబడి, మెల్లగా రంగు తిరిగింది. అతను వచ్చినప్పటి నుంచి ఆ చోట అలా జరగడం అదే మొదటిసారి.

పుల్లమ్మ కూడా నొక్కి చూసింది. నా మొహంలోకి చూసింది. ఇద్దరం కలిసి మెత్తను మంచం కింద పెట్టేశాం.

ఇన్ని రోజులు ఏ పరుపు మెత్తన అని బజారంతా తిరిగాం. అతని పుండుకు కావలసింది ఏ పరుపూ తగలకపోవడం. పుండుకు అటూ ఇటూ ఒంటిని ఎత్తి పట్టి, మధ్యలో సందు వదలాలి. మంచమంత పరుపుతో అది కుదరదు. ముక్కలతోనే కుదురుతుంది.

మర్నాడు కాసిం సాబు దగ్గరికి పోయి, పరుపు వద్దు, ఇలాంటి ముక్కలు కావాలని చెప్పాను. ఇది పరుపా, దిండా అని అడిగాడు. రెండూ కాదన్నాను. మొదట కుట్టినవి మెత్తగా ఉండి అణిగిపోయాయి, సందులోకి ఒళ్లు దిగి పలకకు తగిలింది. తిప్పి పంపాను. రెండోసారి పత్తి బాగా దట్టించి, అంచుల దగ్గర ఒత్తుగా కుట్టాడు. అవి నిలిచాయి. పైగుడ్డ కోసం బాపుకు కబురు పెట్టాను. కుట్టు మధ్యలోకి రాకుండా ఉండేంత వెడల్పు, నలిగినా ముడత పడనంత దిట్టం కావాలని అడిగాను. దుప్పటి పన్నా కన్నా వెడల్పుగా నేసి, తానే మోసుకొని వచ్చాడు. వార్డు లోపలికి రాను అన్నాడు. గుమ్మంలో నిలబడి జంగయ్య మంచం వైపు కాసేపు చూసి, బస్సు వేళైందని వెళ్లిపోయాడు. నా పని ఏమిటో బాపు కంటితో చూసింది అప్పుడే.

స్టోరు గుమాస్తా అడ్డం పడ్డాడు. పరుపంటే మంచమంత ఉండాలని, ముక్కలను ఏమని రాసుకోవాలని పేచీ పెట్టాడు. గొడవ తన దాకా తేవద్దన్న సూపరింటెండెంటే ఆ రోజు స్టోరు గదికి నడిచి వచ్చారు.

"మంచం మీద పరిస్తే మంచమంత అవుతాయి కదయ్యా. పరుపనే రాసుకో," అన్నారు.

ముక్కలు పరిస్తే పని అయిపోయిందని అనుకోవద్దు. పగలూ రాత్రీ అతన్ని కుడికి, ఎడమకు, బోర్లా తిప్పుతూ ఉండాలి. తిప్పిన ప్రతిసారీ ముక్కలు జరపాలి, సందు ఎక్కడికి రావాలో అక్కడికి తేవాలి. డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చిన నర్సు మరిచిపోతే పుల్లమ్మ వెళ్లి పిలుచుకొచ్చేది. కొందరు విసుక్కున్నారు. ఒకామె నా దగ్గరికి వచ్చి, ఆ మంచానికి ఇంత పని చేస్తే మిగతావాళ్లను ఎవరు చూస్తారని అడిగింది. న్యాయమైన ప్రశ్న.  తిప్పడం మాత్రం ఆపలేదు. పుల్లమ్మకూ మరిదికీ పూర్తిగా నేర్పి, నర్సుల చేతికి పని తగ్గించాను.

ఎలా తేలింది

నలుపు ఊడిపోయి, పుండు అడుగు ఎర్రగా కనబడింది. వానలు పడ్డాయి. వానల్లో అది అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చింది. చలి మొదలయ్యేసరికి దాని మీద ఉల్లిపొరలాంటి చర్మం కట్టింది. సూపరింటెండెంటు రోజూ రౌండులో ఆ మంచం దగ్గర ఆగేవారు. గోడ పక్కన ఉన్న మంచం దగ్గర డాక్టరు ఆగడం అంతకుముందు మాకు అలవాటు లేదు.

కాళ్లు రాలేదు. వస్తాయని నేను ఎన్నడూ చెప్పలేదు, అతనూ ఎన్నడూ అడగలేదు. ఇంటికి పోయే రోజు పుల్లమ్మే చెప్పింది, తను అన్నట్టుగానే. కాసిం సాబు ఇంకో జత కుట్టిచ్చాడు. బండిలో వాటిని పరిచి, జంగయ్యను బోర్లా పడుకోబెట్టి తీసుకుపోయారు. ఆ తర్వాత పుల్లమ్మ ఊరి బయట కల్లు అమ్మేది. ఆమె పక్కనే నులకమంచం మీద అతను బోర్లా పడుకొని, వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతూ, ఎవరు ఎంత తాగారో గుర్తుపెట్టుకునేవాడట. అలా చాలా ఏళ్లు బతికాడు. పోయింది వేరే జ్వరంతో. పుండుతో కాదు.

అందరినీ కాపాడామని చెప్పను. పుండు లోతుకు దిగాక వచ్చినవాళ్లు ఉన్నారు. దగ్గర మనిషి లేనివాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరిని ఏ సందూ నిలపలేకపోయింది. నేను సెలవు మీద ఉన్న రోజుల్లో ముక్కలు తీసి మూలన పడేసి, స్టోరు పరుపు వేసిన సందర్భాలూ ఉన్నాయి. వచ్చి మళ్లీ వేసేదాన్ని. ఈ ఉద్యోగంలో ఒకసారి గెలిచిన దానిని మళ్లీ మళ్లీ గెలవాల్సి వస్తుంది. దానికి విసుగుపడేవాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది.

ఇప్పుడు ఆసుపత్రులకు నానా రకాల పరుపులు వస్తున్నాయి. అమ్మేవాళ్లు తెచ్చి చూపిస్తారు, పెద్దవాళ్లు అరచేత్తో నొక్కి చూస్తారు. మీరు ఆ గదిలో ఉంటే, ఒక నమూనా అడిగి తీసుకోండి. కదలలేని మనిషి కింద ఒక పూట వేయండి. తర్వాత దుప్పటి తీసి, వెలుతురు తెప్పించి, మీ కళ్లతో చూడండి. అప్పుడు మీకు తోచింది గట్టిగా చెప్పండి. మీ మాట చిన్నదని ఎవరైనా అంటే, వచ్చి చెయ్యి పెట్టి చూడమనండి.

జంగయ్య ఇంటికి పోయిన ఏడాదికో, ఆ మీది ఏడాదికో, మేళ్లచెరువు వైపు సున్నపురాయి తవ్వే చోట బండ మీదపడి నడుము విరిగిన మనిషిని తెచ్చారు. అతని భార్య చిన్నపిల్ల. మంచం కోడు పట్టుకొని నిలబడింది, నేను చెప్పేదేదీ ఆమె చెవికి ఎక్కడం లేదు. మూడు రోజులు ప్రయత్నించాను. ముట్టుకుంటే నొప్పి పుడుతుందని భర్త మీద చెయ్యి వేయడానికే భయపడేది. జంగయ్య ఊరి వైపు పోయే బండివాళ్లతో పుల్లమ్మకు కబురు పంపాను. వస్తుందన్న నమ్మకం లేదు. జంగయ్యను వదిలి రావాలి, కల్లు బేరం వదిలి రావాలి.

మరునాడు పొద్దున్నే వచ్చింది. జంగయ్యను మరిది చూసుకుంటున్నాడని చెప్పింది. సంచి మూలన పెట్టి, చేతులు కడుక్కొని, ఆ పిల్ల పక్కకు పోయి మోకాళ్ల మీద కూర్చుంది.

"నొప్పి తెల్వది చెల్లె ఆయనకు. గందుకే మనం చూడాలె. ఏదీ, నీ చెయ్యి ఇటియ్యి," అని ఆమె చెయ్యి పట్టుకొని, మెల్లగా అతని నడుము కిందికి పోనిచ్చింది.

నేను కాసేపు చూసి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.